తలుపు తెరిస్తేనే ఆగినట్టు

మేడం పోయారని హన్మకొండ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను రియాద్ శివారు సులైలో ఒక కార్గో ఆఫీసు ముందు నిలబడి, కడపకు పంపాల్సిన పెట్టెను తూకం వేయిస్తున్నాను. ఫోన్ చేసింది వాళ్లాయన, డాక్టర్ గారు. "మీ మేడం పొద్దున పోయింది బాబూ. నిద్రలనే," అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. తూకం దగ్గరున్న పాకిస్తానీ భాయ్ పెట్టెను పక్కకు జరిపి, కుర్చీ వేసి, నీళ్ల సీసా చేతికిచ్చాడు. కానీ రియాద్ ట్రాఫిక్‌లో ఇంటికి వెళ్తూ వెళ్తూ నాలో నేనే నవ్వుకోవడం మొదలుపెట్టాను. మేడం గుర్తొస్తే ఎవరికైనా ఇంతే. ఆమె గురించి దిగులుగా రాయమంటే నా వల్ల కాదు, క్షమించండి.

ముందు ఆవిడ పనేమిటో చెప్పాలి. రైలు స్టేషన్లో ఊరికే ఆగదు. మా మార్గంలో స్టేషన్లు చూసుకునే కంపెనీ వేరు, రైళ్లు నడిపే కంపెనీ వేరు. రైలు ఆగి తలుపులు తెరిచిన ప్రతిసారీ నడిపేవాళ్లు స్టేషన్‌వాళ్లకు ఫీజు కట్టాలి. అది ఎంతో స్టేషన్‌వాళ్లు తమకు తోచినట్టు నిర్ణయించుకోవడానికి లేదు. ఖర్చులు చూపించాలి, ధరల పట్టిక అందరికీ తెలిసేలా ప్రకటించాలి, అభ్యంతరాలు వినాలి, చివరికి ప్రభుత్వ నియంత్రణ కార్యాలయం ఒప్పుకోవాలి. ఆ కార్యాలయంలో ఫీజుల నిపుణురాలు మా మేడం. నేను ఆమెకు సహాయకుణ్ణి.

ఇందులో ఉత్సాహపడటానికి ఏముందని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. మేడం నన్ను జాలిగా చూశారు. వాళ్ల నాన్న కాజీపేటలో సిగ్నళ్లు చూసిన మనిషి. రైలు ఆగడమంటే ఆ ఇంట్లో పండగట. ఆవిడకు ఎక్కడ చూసినా అదే ధ్యాస. ఆఫీసు లిఫ్టు మూడో అంతస్తులో ఆగి, ఎవరూ ఎక్కకపోతే, "ఇప్పుడు ఈ ఆగుడుకు ఎవరు కట్టాలె, చెప్పు బిడ్డా," అని నన్ను నిలదీసేవారు. జవాబు చెప్పేదాకా లిఫ్టు దిగనిచ్చేవారు కాదు. పక్కనున్న సౌదీ సహోద్యోగులకు కూడా ఈ ఆట అలవాటైపోయింది. డబ్బాలోంచి సర్వపిండి ముక్కలు తుంచి అందరికీ పంచి, వాళ్ల అరబ్బీ కాఫీ గహ్వా తాగుతూ, మధ్యాహ్నం భోజనం కాస్తా పెద్ద వాదనగా మార్చేసేవారు.

మొదటి ధరల పట్టిక మా దగ్గరికి వచ్చినప్పుడు అందులో అన్ని స్టేషన్లకూ ఒకటే రేటు. రియాద్‌లోని పాలరాతి స్టేషన్‌కూ, ఎడారి మధ్యలో నాలుగు బల్లలున్న స్టేషన్‌కూ ఒకటే. మేడానికి అది తెగ నచ్చింది. ఎవరి మీదా పక్షపాతం లేదు, ఎవరికైనా ఒక్క ముక్కలో అర్థమవుతుంది అన్నారు. సంతకం పెట్టారు. ఆ సాయంత్రం మాకందరికీ కునాఫా మిఠాయి తెప్పించారు.

కొత్త ఫీజులు వచ్చాక ఉత్తరం వైపు రైల్లో ఇద్దరం తనిఖీకి బయలుదేరాం. దారిలో ఒక చిన్న ఊరి స్టేషన్ ఉంది. అక్కడ ఒకటే లైను కాబట్టి, ఎదురుగా వచ్చే గూడ్సు దాటిపోయేదాకా మా రైలు నిలబడాల్సిందే. నిలబడింది. ప్లాట్‌ఫారం మీద లైట్లు వెలుగుతున్నాయి, గార్డు ఉన్నాడు, ఒక జంట ఉంది. తలుపులు మాత్రం తెరుచుకోలేదు. ఆ జంటలో అతను మా తలుపు దగ్గరికి వచ్చి అద్దం మీద వేళ్లతో కొట్టాడు. తర్వాత జేబులోంచి ఇకామా, అంటే సౌదీలో ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, తీసి, మాకు కనబడేలా అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. వెనక అతని భార్య, నిండు గర్భిణి, సంచి మీద చేయి వేసుకుని చూస్తోంది. మేడం ఒక్క ఉదుటున లేచి కండక్టర్ దగ్గరికి పరుగెత్తారు. ఈ స్టేషన్‌ను టైంటేబుల్లోంచి తీసేశారని, క్రాసింగ్ కోసం నిలబడితే ఫీజు లేదని, తలుపు తెరిస్తే మాత్రం రియాద్‌లో కట్టినంత ఇక్కడా కట్టాలని, ఎక్కే నలుగురి కోసం కంపెనీ అంత కట్టదని అతను మర్యాదగా చెప్పాడు. గూడ్సు దాటిపోయింది. మా రైలు కదిలింది. అతను కార్డు పట్టుకునే కొంతదూరం పక్కన నడిచాడు.

మేడం సీటులో కూర్చోలేదు. "ఆ తలుపు మూసింది కండక్టర్ కాదు బిడ్డా. నేను," అన్నారు.

మరుసటి వారం కారులో ఆ ఊరికి వెళ్లి వెతికాం. అతను జగిత్యాల నుంచి వచ్చిన దర్జీ. మా తెలుగు వినగానే మిషను ఆపేశాడు. ఆ ఇకామా సంగతి మేడం అడిగితే, "చూపెడితే తీస్తరనుకున్న మేడం. ఈడ ఏదన్న పని ఆగిందంటే కాయితం తక్కువైనట్టే గదా," అన్నాడు. భార్యకు బీపీ ఎక్కువగా ఉంది. రియాద్ ఆసుపత్రిలో తరచూ చూపించుకోవాలి. కారులో అంతదూరం వద్దని, రైల్లోనే రమ్మని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట. రైలేమో రోజూ వాళ్ల ముందే నిలబడి వెళ్లిపోతోంది.

తిరిగి వచ్చాక మేడం యుద్ధం మొదలుపెట్టారు. ఫీజుల విచారణ మళ్లీ తెరవమని పై అధికారులను అడిగారు. ఈ కబురు అందగానే స్టేషన్ల కంపెనీ మేనేజర్ స్వయంగా మా గదికి వచ్చాడు. మంచివాడే. "ఇంత గొడవెందుకు? ఆ ఒక్క రైలుకు, ఆ ఒక్క స్టేషన్‌కు మేము లోపల్లోపల ఫీజు వదిలేస్తాం. ఆదివారం నుంచే తలుపులు తెరుచుకుంటాయి," అన్నాడు. నా గుండె ఎగిరి గంతేసింది. మేడం వద్దన్నారు. అతను వెళ్లాక నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒప్పేసుకుందాం మేడం. మీ రూలు వచ్చేలోపల ఆ బిడ్డ పుట్టి ఇస్కూలుకు పోతాది," అన్నాను.

"రేపు ఈయన కుర్చీల ఇంకొకడు కూసుంటడు. వాడు మూసేస్తే ఏ కాయితం చూపి అడుగుతవ్? ఇంకో కంపెనీ రైలు నడుపుతానని వస్తే, దానికేం చెప్తవ్?"

"మరి ఆమె సంగతేంది?"

"ఆమె సంగతి నాకిడువు," అన్నారు మేడం. ఆ శుక్రవారమే దర్జీ భార్యను రియాద్‌లోని తన ఇంటికి తెచ్చుకున్నారు. నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆపుకుంటూ కారు నడిపింది వాళ్లాయన డాక్టర్ గారే. నిర్ణయం వచ్చేదాకా ఆ అమ్మాయి వాళ్ల ముందుగదిలో ఉంది. ఫీజు చర్చలు ఆమె ముందే జరిగేవి. కొన్నాళ్లకు ఆమె కూడా అడ్డుప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది.

విచారణ రోజు హాలు నిండిపోయింది. మేనేజర్ లేచి, ఈ ఒకే రేటు న్యాయమైనదని ఒప్పుకుని సంతకం పెట్టింది ఈవిడే కదా అన్నాడు. అందరూ మేడం వైపు చూశారు. ఆమె ఉద్యోగ కాంట్రాక్టు పొడిగించే నెల అది. ఆవిడ తడుముకోకుండా, "అవును, నేనే పెట్టాను, తప్పు చేశాను," అన్నారు. హాల్లో చిన్న కలకలం. ఆ వెంటనే మేనేజర్ వైపు తిరిగి అడగడం మొదలుపెట్టారు.

"రైలు తలుపులు మూసుకుని మీ చిన్న స్టేషన్లో నిలబడినప్పుడు లైట్లు ఆర్పేస్తారా?"

"లేదు."

"గార్డును ఇంటికి పంపిస్తారా?"

"లేదు."

"అయితే తలుపు తెరిస్తే మీకు కొత్తగా అయ్యే ఖర్చేమిటి?"

అతను తనే నవ్వేశాడు. "చెత్తబుట్టలో నాలుగు టీ కప్పులు ఎక్కువ పడతాయి," అన్నాడు.

"ఆ నాలుగు కప్పుల డబ్బులు తీసుకోండి," అన్నారు మేడం.

హాలంతా గొల్లున నవ్వింది. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. చివరికి కార్యాలయం అదే ఒప్పుకుంది. స్టేషన్లను పెద్దవి, మధ్యరకం, చిన్నవి అని విడదీశారు. రైలు ఎలాగూ నిలబడే చోట, తలుపు తెరిచినందుకు అదనంగా అయ్యే ఖర్చు మాత్రమే వసూలు చేయాలన్నారు. ఆ రేటు ఎవరు రైలు నడిపినా ఒకటే, అందరికీ కనబడేలా ప్రకటించాలి, చాటుమాటు తగ్గింపులు చెల్లవు. రైలు కంపెనీ మర్నాడే ఆ స్టేషన్‌ను టైంటేబుల్లోకి ఎక్కించింది. మేడం కాంట్రాక్టు కూడా పొడిగించారు. తప్పు ఒప్పుకున్న మనిషిని వదులుకోకూడదని మా పై అధికారి అన్నాడట.

కొత్త రేటు వచ్చాక తలుపులు మొదటిసారి తెరిచిన రోజు మేము ఆ రైల్లోనే ఉన్నాం. మాతోపాటు దర్జీ భార్య, ఒళ్లో పాప. అవును, రూలు కంటే పాపే ముందు వచ్చింది. ఆ పందెం నేనే గెలిచాను. దర్జీ ప్లాట్‌ఫారం మీద కొత్త చొక్కాతో నిలబడి ఉన్నాడు. తలుపు తెరుచుకోగానే మేడం దిగారు. మళ్లీ ఎక్కారు. మళ్లీ దిగారు. గార్డు అయోమయంగా చూస్తుంటే నా వీపు మీద దబదబా చరిచి, "చక్రాలు నిలిస్తే ఆగినట్టు కాదు బిడ్డా, తలుపు తెరిస్తేనే ఆగినట్టు," అన్నారు. నా వీపు రెండు రోజులు నొప్పి పుట్టింది.

ఆమె సౌదీ ఉద్యోగం ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద హన్మకొండకు వెళ్లిపోయాక ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. మేనేజర్ కూడా మారాడు. మేడం చెప్పినట్టే, కొత్తాయన వచ్చీరాగానే ఆ రేటు ఎవరిచ్చారని అడిగాడు. ప్రకటించిన పట్టిక చూపించాను. ఆ రేటుకే తలూపి వెళ్లిపోయాడు. ఆ రోజు హన్మకొండకు ఫోన్ చేసి చెబితే, అవతలి నుంచి మేడం నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. ఆమె నాకు పని నేర్పారనడం చాలదు. పని మీద ఇష్టం పుట్టించారు. అందుకు రుణపడి ఉన్నాను.

ఆమె పోయిన వారానికి నేను ఉత్తరం రైలెక్కాను. చిన్న స్టేషన్లో రైలు నిలబడింది, తలుపులు తెరుచుకున్నాయి, వేడిగాలి లోపలికి వచ్చింది. ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. గూడ్సు దాటిపోయింది. అప్పుడు కంచె అవతల దుమ్ము లేపుకుంటూ ఒక పికప్ వచ్చి ఆగింది. అందులోంచి ఒక కుటుంబం దిగింది. భుజం మీద పిల్లతో తండ్రి, అబాయా అంచు పైకెత్తి పట్టుకుని తల్లి, వెనక ఖర్జూరాల డబ్బాతో ముసలాయన, అందరూ మా వైపు పరుగు. మా పెట్టెలో ఉన్నవాళ్లమంతా తలుపు దగ్గర గుమిగూడి "యల్లా, యల్లా" అంటూ చేతులూపాం. నేను ఒక కాలు కింద పెట్టి ముసలాయన డబ్బా కోసం చేయి చాచాను. కండక్టర్ గడియారం చూశాడు, వాళ్లను చూశాడు. వాళ్లు ఇంకా పరుగెత్తుతూనే ఉన్నారు. తలుపులు తెరిచే ఉన్నాయి.