ఎస్తేరమ్మ అరువు తెలుగు

ఈ సాయంత్రం ఖరగ్‌పూర్ ట్రాఫిక్ పేటలోని మా ప్రార్థన గదిలో నాకు ఒళ్లు మండింది. ఎస్తేరమ్మ కథ చెబితే సండే స్కూలు పిల్లలు రెప్ప వెయ్యరు. ఆ కథలు క్యాసెట్‌లో నింపి దూరపు రైల్వే కాలనీల్లోని తెలుగు పిల్లలకు పంపుదామని టేప్‌రికార్డర్ పెట్టాం. ఆమె కాగితం తీసి, ఎవరో పంతులుగారు గ్రాంథికంలో రాసిచ్చిన కథ చదివింది, చేప ప్రవక్తను మింగిన కథ. రైళ్ల రాకపోకలు ప్రకటించినట్టుంది. పిల్లలు ఆవలించారు.

“ఏటక్కా ఇది?” అన్నాను.

“నాది ఖరగ్‌పూర్ తెలుగన్నా. మద్దెలో దాదా, దీదీ అని బెంగాలీ మాటలు దొర్లిపోతాయి. ఆంధ్రావోళ్లు నవ్వరేటి?”

“నోరు తిరగదని మోషే సాకులు చెప్తే దేవుడికే కోపమొచ్చినాది. నాకు రాదేటి? ఇటియ్యి!”

లాక్కుని చింపేశాను. ఆమె కొరకొరా చూసి, “ఠీక్ హై” అని మొదలెట్టింది.

“ఆ సేప దాదా నోరు తెరిసినాడు...”

పిల్లలు టేప్‌రికార్డర్ మీద పడేంత దగ్గరికి జరిగారు.

ఆ చేపకు ఏ యాస వచ్చో లేఖనాల్లో ఎక్కడా లేదు, నేను వెతికాను. ఇంకా నవ్వొచ్చే పెద్దమనుషులుంటే ఈ గోడపత్రిక కింద పేరు రాయండి. వచ్చే ఆదివారం కథ చెప్పడానికి పిల్లల ముందు మిమ్మల్నే కూర్చోబెడతాను.