పగటి నిద్ర, మా రెండో ఆల్బమ్

రెండు రోజులుగా ముసురు. కిరుమాంబాక్కంలో మా వేరుశనగ చేలో నిలిచిన నీళ్లకు కాలువ తీస్తుండగా చెన్నై నుంచి రఘు ఫోన్ చేశాడు. మూలకుళంలో వాళ్ల పక్కింటి మామ నిన్న మధ్యాహ్నం పోయాడట. తనూ బయలుదేరానన్నాడు. పార కడిగి, చొక్కా మార్చుకుని బస్సెక్కాను.

మామ మాకు చుట్టం కాదు. రఘు వాళ్ల వెనక గదికీ ఆయన పడుకునే గదికీ నడుమ ఒకటే గోడ. పాత ఫ్రెంచి పేట అయిన వైట్ టౌన్‌లో ఒక గెస్ట్‌హౌస్‌కు రాత్రి కాపలా ఉండేవాడు. పొద్దున సైకిల్ మీద వచ్చి, సొంత వాకిట్లో కూడా దానికి తాళం వేసి, ఒకసారి లాగి చూసేవాడు. గడప మీద కూర్చుని కాఫీ తాగి, తడి తువ్వాలు కళ్ల మీద వేసుకుని పడుకునేవాడు. "రాత్రి నా కండ్లు వాళ్లవి. పగలన్నా నావి కావాల గదా" అనేవాడు.

ఆ వెనక గదిలోనే మేం ముగ్గురం హిప్ హాప్ పాటలు చేసేవాళ్లం. గొంతు రఘుది, బీట్లు నావి, మాటలు రాసేది ఒక స్నేహితుడు. సాయంత్రాలు రఘుకు ఫోన్ల కొట్లో పని కాబట్టి రికార్డింగు పగలే. మొదటి ఆల్బమ్ అంతా తమిళం, అరుపులు, గోడలు అదిరే డ్రమ్ములు. కాలేజీ పిల్లలు ఎగబడి విన్నారు.

మొదటిదానికి ఏమీ అనని మామ, రెండోది మొదలుపెట్టిన వారంలోనే లుంగీ మీద వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిన్న గేటుకాడ కునుకు పట్టింది నాయనా. ఓనరు చూసినాడు. ఇంకొక తూరి చూస్తే పనికి రావద్దన్నాడు."

"మా డ్రమ్ముల వల్లనా మామా?" అన్నాడు రఘు.

"డ్రమ్ములా అయ్యి? నా నెత్తిన ఎవడో పందిరి గుంజలు పాతుతుండాడనుకుంటి. కొట్టుకోండి, వద్దనలా. ముందే చెప్తే ఆ పొద్దు మా చెల్లెలింటికి పోయి పడుకుంటా."

ఆ వయసు మనిషిని నిద్ర కోసం ఇంకొకరింటికి పంపడం మాకు చేతకాలేదు. డ్రమ్ములు తీసేశాం. దుప్పటి పరిచిన బల్ల మీద నేను వేళ్లతో తట్టాను. రఘు మైకుకు పెదాలు ఆనించి, పక్కన కూర్చున్నవాడికి చెప్పినట్టు పాడాడు. గొంతు తగ్గేసరికి తమిళం జారిపోయి ఇంట్లో మాట్లాడుకునే తెలుగు వచ్చింది. అప్పటికి మాలో ఎవరికీ తెలుగు రాయడం రాదు. తమిళ అక్షరాల్లోనే రాసుకున్నాం.

ఇక్కడి తమిళ పిల్లలకు అది అర్థం కాలేదు. ఆంధ్రాలో విన్న కొద్దిమంది మా యాసకు నవ్వారు. పెద్ద మేధావులం కావాలని దారి మార్చామని ఇంకొందరు రాశారు. దారి మార్చింది ఒక గోడ. ఆ మాట మేం ఎక్కడా చెప్పలేదు. చెప్తే మామ చెల్లెలింటికి బయలుదేరేవాడు.

మెచ్చుకున్నది ఆయనొక్కడే. "ఈ తూరి బాగుండాది రా. బాగా నిద్ర పట్టింది."

"విన్నావా, మనకొచ్చిన మంచి మాట ఇదొక్కటే" అని రఘు నవ్వాడు. ఆ ఏడు దాటకముందే చెన్నై వెళ్లిపోయాడు. నేను మళ్లీ చేలో పడ్డాను. మామ ఉద్యోగం మాత్రం నిలిచింది.

బస్సులో రెండు ఆల్బమ్‌లూ విన్నాను. మొదటిదాంట్లో మేం ఏం చెప్పామో నాకే తెలియలేదు. రెండోదాంట్లో ప్రతి మాటా వినిపించింది. ఒక పాటలో, చెరకు కొట్టి వచ్చి వేళ్లు ముడుచుకోక ముద్ద కలపలేని రఘు వాళ్ల నాన్న కనిపించాడు. నాలుగో పాట సాగదీశాం. చివరిదానికి సరైన ముగింపే లేదు. అయినా మేం చేసిన మంచి పని అదే. ఇది తెలిసేసరికి మళ్లీ పాడే ఓపిక మాలో ఎవరికీ మిగల్లేదు.

"డ్యూటీ దిగొచ్చి కాఫీ తాగి పడుకున్నాడు. అన్నానికి లేపితే లేయలా" అంది మామ భార్య, మేం అత్తా అని పిలిచే ఆవిడ. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది.

శ్మశానం నుంచి వచ్చి స్నానాలు చేశాక, వాకిట్లో రఘు నన్ను అడిగాడు.

"ఆ రెండోదానికి డ్రమ్ములు వేసి మళ్లీ వదులుదాం అంటున్నాడు చెన్నైలో ఒకడు. నువ్వేమంటావు?"

నేను జవాబు చెప్పేలోగా పక్క గడప మీద నుంచి అత్త అంది. "కొట్టుకోండి నాయనా. ఇంక ఆయనకి యాడికీ పోయి పడుకునే పని లేదు."

కోపంగా అనలేదు. రఘు వీధిలోకి వెళ్లి చెన్నైకి ఫోన్ చేశాడు. "వద్దులే అన్నా. అది అట్లే ఉండనీ" అనడం అత్తకూ నాకూ వినిపించింది.

ఆరు గంటల బస్సుకు రఘు చెన్నై వెళ్లిపోయాడు. చీకటి పడ్డాక నేనూ బయలుదేరాను.