భాగ్యకు వచ్చిన వంతు

భాగ్య కోరుట్లలో బీడీలు చుడుతుంది. ఆమెకు కాలేజీ చదువుతుండగానే షుగరు వచ్చింది. మనిషి సన్నగా ఉండేది, తీపి మీద పెద్ద ఇష్టం కూడా లేదు. అయినా వచ్చింది. అప్పటినుంచి రెండు పూటలా ఇన్సులిన్ సూది పొడుచుకుంటూనే పెళ్లి చేసుకుంది, అక్షితను కన్నది.

ఆమె తండ్రి వెంకటేశం కథలాపూర్‌లో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఆయనకూ వయసులోనే షుగరు వచ్చింది. కాలికి పుండు పడి, అది మానక చనిపోయాడు. తాత కూడా చిన్న వయసులోనే పోయాడు గనుక ఈ రోగం తాత వైపుదేనని ఇంట్లో అందరి నమ్మకం. ఎందుకంటే తండ్రి తల్లి అంజవ్వకు డెబ్బై దాటినా షుగరు లేదు.

భాగ్య భయమంతా అక్షిత గురించే. పిల్ల రెండు గ్లాసులు నీళ్లు తాగితే చాలు, వేలు గుచ్చి మిషనులో చూసేది. పక్కింటి పుట్టినరోజుకు కూడా పంపేది కాదు. మస్కట్‌లో ఉన్న భర్త వీరేందర్ ఫోనులో ఎంత నచ్చజెప్పినా వినలేదు.

జగిత్యాలలో సింధూజ అనే కొత్త డాక్టరు ఆమె పాత కాగితాలు చూసింది. ఇంట్లో ఎవరికి ఏ వయసులో వచ్చిందో ఓపికగా అడిగింది. ఇది అందరికీ వచ్చే షుగరు కాకపోవచ్చని, ఒకే ఒక్క జన్యువులో తేడా వల్ల వచ్చే అరుదైన రకం కావచ్చని చెప్పి, రక్తం హైదరాబాదుకు పంపింది. ఆమె అనుమానమే నిజమైంది. ఆ రకానికి మాత్రలు బాగా పనిచేస్తాయట. డాక్టరు కనిపెట్టుకుని ఉండి మెల్లగా ఇన్సులిన్ తగ్గించింది. కొన్ని వారాలకు సూది ఆగిపోయింది. భాగ్య చాలాకాలం దాన్ని నమ్మలేదు.

రక్త సంబంధీకులు కూడా చూపించుకుంటే మంచిదని డాక్టరు చెబితే, తోడుగా వచ్చిన అంజవ్వ తానే ముందు చెయ్యి చాపింది. ఫలితం వచ్చిన రోజు అవ్వా మనుమరాలూ నిర్ఘాంతపోయారు. ఆ తేడా అంజవ్వలోనే ఉంది. షుగరు మాత్రం లేదు.

అంజవ్వ మనుమరాలి వైపు తిరిగి, “అంటే నా కొడుక్కు నేనే ఇచ్చిన్నా బిడ్డా గీ రోగం?” అంది.

డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఇది ఎవరూ కావాలని ఇచ్చేది కాదని చెప్పింది. రోగమున్న ఇళ్లలోనే వెతికినంత కాలం, ఈ తేడా ఉంటే షుగరు తప్పదని డాక్టర్లు అనుకున్నారట. మామూలు జనంలో వేలమందిని పరీక్షించాక, అదే తేడా ఉండి ఏళ్లు గడిచినా షుగరు రానివాళ్లు కూడా కనిపిస్తున్నారట. ఎందుకో ఇంకా పూర్తిగా తెలియదు. అక్షితకు ఆ తేడా వచ్చి ఉండటానికి సగం అవకాశమే, వచ్చినా అదే రాత కాదు. ఏడాదికోసారి చూపిస్తే చాలు.

తిరుగు బస్సులో భాగ్య ముసలామె చెయ్యి పట్టుకుంది. “బాపు ఉన్నప్పుడు మనకు గీ సంగతి ఎరుకనే లేకుండె, బాపమ్మా. ఎవ్వల తప్పు గాదు. నిన్ను సూస్తే నాకు ధైర్యమైతుంది.”

“అయితే పోరిని బెదిరిచ్చుడు బంజెయ్,” అంది అంజవ్వ.

భాగ్యకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ వారమే అక్షిత స్నేహితురాళ్లతో కొండగట్టు గుడికి పోయి వచ్చింది.

అంజవ్వ ఊరుకోలేదు. తేడా తనదైతే తల్లిగారింట్లో కూడా ఉండాలి కదా అని కోనరావుపేటకు బయలుదేరింది. అక్కడ తమ్ముడు గంగారాం మనుమరాలు కొంతకాలంగా షుగరుతో సూదుల మీద ఉంది. ఇంకో డాక్టరు ఎందుకని తమ్ముడు వాదించాడు. అంజవ్వ వినలేదు. ఆ పిల్లను వెంటబెట్టుకుని తానే జగిత్యాల బస్సెక్కింది. రక్తం హైదరాబాదుకు పోయింది. ఫలితం ఇంకా రావాలి.