ఆరా, ఆరున్నరా

శ్రుతక్క అసలు పేరు డాన్సు హాలులో ఎవరికీ తెలియదు. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ రెండు రికార్డు ప్లేయర్లు ముందు పెట్టుకుని జమైకా వాళ్ల డాన్స్‌హాల్ పాటలు వేస్తుంది. పాట తర్వాత పాట వేయడం ఎవరైనా చేస్తారు, అదేం బ్రహ్మవిద్య కాదు. ఒక పాట ముగియకముందే రెండోదాన్ని దాని మీదికి తెచ్చి, వేగమూ శ్రుతీ కలిపి, అతుకు తెలియకుండా దాటించడం ఆమె పని. నలభై దాటిన మనిషి, వారమంతా కుట్టుమిషన్ల దుకాణంలో మొగుడి పక్కన కూర్చుని సూదులూ నూనెసీసాలూ అమ్ముతుంది.

కొత్త రికార్డు వస్తే ఇంట్లోని పాత ప్లేయర్ మీద వేసి, నిమిషానికి ఎన్ని తాళం దెబ్బలో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కిస్తుంది. శ్రుతిని హార్మోనియం మీద వెతికి పుస్తకంలో రాసుకుంటుంది.

మూడు నెలలుగా ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఇంట్లో పాట వేస్తే, ఏళ్ల తరబడి విన్నది కూడా కాస్త పై శ్రుతిలో వినిపిస్తోంది. వాళ్లమ్మకు చెవుడు ఇలాగే మొదలైంది. "పాటలన్నీ గొంతు పిసికినట్టు వినబడుతున్నాయే" అనేది ఆవిడ. రెండేళ్లు తిరగకుండా పిలిస్తే పలకడం మానేసింది. ఆ మాట గుర్తొస్తే చాలు, శ్రుతక్క గుండెల్లో రాయి పడుతుంది. మొగుడికి చెప్పలేదు, చెబితే నిజమైపోతుందని భయం. చెవిని నమ్మడం మానేసి పుస్తకాన్ని నమ్మడం మొదలుపెట్టింది. కొంప మునిగింది అక్కడే.

హాలులోని ప్లేయర్లకు వేగం మార్చినా శ్రుతి కదలకుండా పట్టి ఉంచే మీట ఉంది. వరసగా రెండు ఆదివారాలు పుస్తకంలో శ్రుతి చూసి జతచేసిన పాటలు, వేగం అక్కడికక్కడే సర్దడంతో దెబ్బకు దెబ్బ కలిశాయి గానీ, శ్రుతులు సవతుల్లా కొట్టుకున్నాయి. ఆడేవాళ్లు ఆగిపోయి ఆమె వైపు చూశారు. హాలు యజమాని పక్కకు పిలిచాడు.

"అక్కా, నీ మీద గౌరవం ఉంది. కానీ వచ్చే వారం కూడా ఇలాగే అయితే వేరేవాళ్లని చూసుకోక తప్పదు."

మూడో ఆదివారం వచ్చింది. మొదటి నలభై నిమిషాలూ పాత రికార్డులే వేసి గండం గట్టెక్కింది. ఎంతసేపని దాటేస్తుంది? జనం కొత్తవి అడుగుతున్నారు. తిరుగుతున్న పాట పుస్తకంలో తొంభై ఆరు దెబ్బలు, ఆరు శ్రుతి. చేతిలోని కొత్త రికార్డు నూట రెండు, శ్రుతి అరమెట్టు పైన ఆరున్నర, కలవదు. పక్కన పెట్టబోతూ దాని లేబుల్ చూసి ఆగింది. డాన్స్‌హాల్‌లో ఒకే వాయిద్యాన్ని పదిమంది గాయకులు పంచుకుని, ఎవరి మాటలు వాళ్లు పాడుకుంటారు. రెండు లేబుళ్ల మీదా అదే వాయిద్యం పేరు ఉంది, ఈ రెండూ అలా ఒక కడుపున పుట్టిన పాటలే.

మరి రెండు శ్రుతులెలా వచ్చాయి? పుస్తకమైనా తప్పయి ఉండాలి, తన చెవైనా పోయి ఉండాలి. పాట ఇంకో నిమిషంలో అయిపోతుంది. పుస్తకం మూసేసింది. వేగం మీటను సున్నా దగ్గరే, అసలు వేగంలోనే వదిలి, కొత్త రికార్డు మీద సూది దించింది.

రెండూ ఒకటైపోయాయి. మారింది గొంతు ఒక్కటే. ఆడేవాళ్లు అడుగు తప్పలేదు. శ్రుతక్క బల్ల పట్టుకుని నిలబడింది. తర్వాత పుస్తకం తిరగేస్తే, కొట్టుకున్న ప్రతి జంటలోనూ ఒకటి ఈ మూడు నెలల్లో రాసుకున్నదే.

సాయంత్రం ఇంటికి వెళ్లి, చెప్పులు కూడా విడవకుండా అడిగింది. "మన ప్లేయర్‌కి ఏమైనా చేశారా?"

మొగుడు చేతి నూనె తుడుచుకుంటూ నసిగాడు. "మూడు నెలల కిందట బెల్టు తెగింది. నువ్వు బెంగపెట్టుకుంటావని మన మిషన్ బెల్టు కోసి అతికించాను. కాస్త మందం. తిరుగుతోంది కదా అని ఊరుకున్నాను."

బెల్టు మందమైతే పళ్లెం వేగంగా తిరుగుతుంది, వేగం పెరిగితే శ్రుతీ పెరుగుతుంది. ఇంత చిన్న సంగతి. శ్రుతక్క గడప మీదే కూలబడింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"మూడు నెలలు. అమ్మలాగే నాకూ చెవులు పోతున్నాయని చచ్చి బతికాను. ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?"

ఆయన నూనె గుడ్డ పక్కన పెట్టాడు.

"చెవులు పోతున్నాయనుకుంటూ మూడు నెలలు నా పక్కనే కూర్చున్నావు. నువ్వు మాత్రం చెప్పావా?"