గోరుబావా, నలభై కార్ల ఎండాకాలం టైర్లూ

గోరుబావకి నడుం పోయి రెండేళ్ళయింది. పోవడమంటే అలా ఇలా కాదు. కారు దిగాక మనిషి నిలబడ్డానికి పావుగంట పట్టేది, నిలబడ్డాక కూడా కొడవలి వంపే. పదకొండేసి గంటలు స్టీరింగు ముందు కూర్చుని కూర్చుని వెన్నుపూసలు పిండయిపోయాయని డాక్టరు ఫొటో తీసి మరీ చూపించాడు. "ఈ ఎండాకాలం మొదలయ్యేదాకా నడుపు. ఆ తర్వాత కూడా నడిపావంటే నిన్ను సీటుతో సహా కోసి బయటికి తియ్యాలి" అన్నాడు. ఆ డాక్టరు నోట్లోంచి ఒక్క మంచి మాట వచ్చిందని ఇంతవరకూ ఎవరూ చెప్పగా వినలేదు.

కారు నడపడం కాకుండా గోరుబావకి వచ్చిన విద్య ఇంకొక్కటే. టైర్లు ఎంచడం. కుడిచేతి బొటనవేలికి చెంచా అంత గోరు పెంచాడు. దాన్ని రబ్బర్లోకి దింపి, కళ్ళు మూసుకుని, పైకి తీసి, ఆ గుంట ఎంతసేపట్లో పూడుతుందో వేలితో తడిమి చూసేవాడు. తర్వాత వాసన. తర్వాత చెవి ఆనించి మెటికతో టక్కుటక్కు.

"పెళ్ళిచూపుల్లో కూడా ఇంత చూసుండడు" అనేవాడు పొట్టి డ్రైవరు.

"చూసుంటే ఈ గతెందుకు పట్టేది బావకి!" అనేవాడు ఇంకొకడు.

కార్ల షెడ్డంతా గొల్లుమనేది. గోరుబావ కూడా నవ్వేవాడు, పళ్ళ చివరి నుంచి. బావమరిది ఒక్కడు బావా అన్నాడని, వాడి వెనకాల కంపెనీ మొత్తం బావా అనడమే. యజమాని కూడా. బావ అన్నవాణ్ణి ఎంతైనా ఏడిపించొచ్చు కదా, ఆ సుఖం ఎవడు వదులుకుంటాడు?

ఆ కంపెనీ పని విమానం దిగినవాళ్ళని ఊళ్ళోకి తీసుకురావడం. నలభై కార్లు. ఏడాదికి రెండుసార్లు టైర్లు మారతాయి, చలికి ఒక సెట్టు, ఎండకి ఒక సెట్టు. చలి టైరు మెత్తన, ఎండలో తిప్పితే పిల్లాడి చేతిలో రబ్బరుముక్కలా అరిగిపోతుంది. ఎండ టైరు గట్టిది, కాగిన రోడ్డుకి తట్టుకుంటుంది. కానీ మరీ బిరుసుదైతే నాలుగు చినుకులు పడగానే బ్రేకు మాట వినదు, వెళ్ళి ముందు కారు డిక్కీలో కూర్చుంటుంది. పోయిన ఎండాకాలం టైర్లు యజమానే స్వయంగా ఎంచాడు, కాగితం మీద వాటి బొమ్మ బావుందని. మొదటి జల్లుకే మూడు కార్లు ముద్దులు పెట్టుకున్నాయి.

దాంతో యజమానికి బుద్ధొచ్చి ఒక మాటన్నాడు. "ఈసారి టైర్లు ఎంచడానికి ఒక మనిషిని పెడతాను. షెడ్లో కుర్చీ వేసి కూర్చోబెడతాను."

కుర్చీ! ఆ మాట చెవిలో పడ్డ దగ్గర్నుంచీ గోరుబావకి ప్రపంచంలో ఇంకే వస్తువూ కనబడలేదు. కాళ్ళు నేలకి ఆనతాయి. వీపు నిటారుగా ఉంటుంది. కంచం ముందు కూర్చుని పెళ్ళాన్ని అడిగేవాడు, "చేతులున్న కుర్చీ ఇస్తాడంటావా, లేనిదిస్తాడంటావా?" అని.

"ముందు ఇవ్వనీ, తర్వాత చేతులు మొలుస్తాయి" అనేది ఆవిడ.

పదిరోజులు మూడు రకాలు పక్కపక్కన పెట్టుకుని పోల్చాడు. ఒకటి చప్పుడు లేకుండా పోతుంది, తడిలో జారుతుంది. ఇంకోటి తడిలో బల్లిలా పట్టుకుంటుంది, ఎండకి రెణ్ణెల్లు కూడా ఉండదు. మూడోది రెంటికీ ఆగుతుంది, కాకపోతే తేనెటీగల పట్టు మోసుకెళ్తున్నట్టు రొద. "రొదకి ఎవడూ చావడండీ, మూడోదే వేయించండి" అన్నాడు. యజమాని సరేనన్నాడు. నూట అరవై టైర్లు లారీలో దిగాయి.

దించింది ఎవరనుకున్నారు? బావమరిదే. టైర్ల కొట్టు వాడిది. బావకి కుర్చీ వస్తుందంటే సంతోషించాలా వద్దా? కానీ వాడికి ఆ కుర్చీ గిట్టలేదు. కుర్చీలో కూర్చున్న బావ కొట్టు నుంచి వచ్చే ప్రతి టైరులోనూ గోరు దింపుతాడు. అక్కమొగుణ్ణి వద్దనలేడు, గోరు కత్తిరించుకోమనలేడు. అందుకని ఒక వేళాకోళం పన్నాడు.

మధ్యాహ్నం, కుర్చీ సంగతి తేల్చే రోజు. యజమాని, గుమాస్తా అమ్మాయి, డ్రైవర్లందరూ షెడ్లోనే ఉన్నారు. అన్నం క్యారేజీ తెచ్చిన గోరుబావ పెళ్ళాం కూడా ఉంది. బావమరిది రెండు టైర్లు గోడకి ఆనించి నిలబెట్టాడు.

"బావా, నీ విద్య అందరూ చూడాలి. కళ్ళకి గంతలు కడతాను. ఒకటి మొదటి రకం, ఒకటి మూడో రకం. ఏది ఏదో చెప్పేయ్."

"నాకు పరీక్షేంట్రా?"

"భయమైతే చెప్పు బావా, మానేద్దాం."

పెళ్ళాం ముందు భయమనగలడా? తువ్వాలు కట్టించుకున్నాడు. పావుగంట గుచ్చాడు, వాసన చూశాడు, కొట్టాడు. చివరికి నడుం పట్టుకుని లేచి తీర్పు చెప్పాడు. "ఎడమచేతిది మూడో రకం. ప్రాణమున్న రబ్బరు. కుడిచేతిది బిరుసు, గోరు దిగట్లేదు. ఇది మొదటిరకం కూడా కాదు, దానికంటే అన్యాయం. దీన్ని కారుకి వేసినవాణ్ణి దానికే కట్టి ఈడ్చాలి."

బావమరిది తువ్వాలు లాగేశాడు. రెండూ ఒకటే! పేరు అదే, సైజు అదే, గీతలు అవే. రెండూ మూడో రకమే.

అప్పుడు నవ్వారండీ, షెడ్డు రేకులు లేచి పక్కవీధిలో పడ్డాయి. పొట్టి డ్రైవరు నేలమీద దొర్లాడు. "బావా, కవలపిల్లల్ని కూడా గోరుతో గుచ్చి చెప్తావా?" అన్నాడొకడు. "ఆ గోరుతో కుర్చీ కాదు, చెవిలో గుబిలి తీసుకో" అన్నాడింకొకడు. పెళ్ళాం చేత్తో నోరు మూసుకుంది, కానీ భుజాలు ఎగురుతూనే ఉన్నాయి. అదీ చూశాడు గోరుబావ.

యజమాని కళ్ళు తుడుచుకుని, "కుర్చీ కథ కంచికి బావా. ఇకమీదట మీ బావమరిదే ఎంచి పంపిస్తాడు" అన్నాడు.

అందరూ కదిలారు. గోరుబావ కదల్లేదు. నోరు తప్పు చెప్పొచ్చు గానీ గోరు చెప్పదు. మళ్ళీ వంగాడు, ఈసారి కళ్ళతో.

"ఇంక చాల్లే బావా" అని బావమరిది గబుక్కున వచ్చి కుడివైపు టైరు దొర్లించబోయాడు.

టైరు పక్క మీద చిన్న గుండ్రటి గీతలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ ఆ టైరు పుట్టిన వారం, తర్వాతి రెండూ పుట్టిన ఏడాది. ఎడమచేతిది ఈ ఏడాది బిడ్డ. కుడిచేతిది ఆరేళ్ళ ముసల్ది, కొట్టు వెనక మగ్గి ఎండి రాయయిపోయింది. వేళాకోళానికి జోడీ కావాలని బావమరిది, షెడ్లో దించిన సరుకులోంచి ఒకటి ముందు వరస నుంచి తనే తీశాడు, రెండోది తెమ్మని హమాలీతో చెప్పాడు. హమాలీకేం తెలుసు, అందిన చోటు నుంచి, వెనక వరస నుంచి లాక్కొచ్చాడు. కొత్తవి ముందు పెట్టి ముసలివి వెనక దాచిన వరస అది!

గోరుబావ తలెత్తాడు. పెళ్ళాం అతన్నే చూస్తోంది. తమ్ముడి మొహం పాలిపోవడం చూసి ఆవిడకి అర్థమైపోయింది. వద్దన్నట్టు తలాడించింది. గోరుబావ ఒక చేత్తో బావమరిదిని, ఒక చేత్తో కుర్చీని తూచాడు. కుర్చీయే మొగ్గింది.

"అయ్యగారూ! ఇలా వచ్చి ఈ అంకెలు చూడండి."

యజమాని వచ్చి వంగి చూశాడు. నవ్వు ఆగిపోయింది. గుమాస్తా అమ్మాయిని పిలిచి, వరసంతా చూడమన్నాడు. ఆ అమ్మాయి ఫోన్లో లైటు వేసుకుని టకటకా చదువుకుంటూ పోయింది. గంటకల్లా తేల్చింది. నూట అరవైలో తొంభై ఆరు ముసలివి.

బావమరిది కాళ్ళు పట్టుకోబోతే యజమాని కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. "నీ లారీ, నీ చెత్త, నీ మొహం, మూడూ సాయంత్రంలోపు నా షెడ్లో కనబడకూడదు" అన్నాడు. డ్రైవర్లు ఇటు తిరిగి వాణ్ణి చూసి నవ్వడం మొదలెట్టారు. వాళ్ళకేం, ఎటు తిరిగినా నవ్వే.

గోరుబావ చొక్కా సర్దుకుని యజమాని ముందు నిలబడ్డాడు, తన వల్ల అయినంత నిటారుగా.

"అయితే అయ్యగారూ, కుర్చీ..."

"ఆగు. ఈ అంకెలు ప్రతి టైరు మీదా ఉంటాయా?"

"ఉంటాయండీ" అన్నాడు గోరుబావ గర్వంగా.

"చలి టైర్ల మీద?"

"లోకంలో అన్నిటి మీదా ఉంటాయండీ."

"మరి నీ గోరెందుకయ్యా నాకు! ఈ పిల్ల గంటలో నూట అరవై చూసేసింది. నువ్వు రెంటికే పావుగంట గుచ్చావ్."

"అంకె వయసే చెప్తుందండీ, గుణం చెప్పదు. ఒకే వారం పుట్టినవాటిల్లో కూడా..."

"వయసు చాలు నాకు. మూడింటికి విమానం దిగుతోంది, కారు తియ్."

గోరుబావ పెళ్ళాం వైపు తిరిగాడు. ఆవిడ క్యారేజీ పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"నా తమ్ముణ్ణి నలుగుర్లో నిలబెట్టి గొంతు కోశావు. దేనికీ? కుర్చీకి. ఏదయ్యా కుర్చీ? చూపించు, నేను కూడా కూర్చుంటాను."

జవాబు చెప్పేలోపే వెళ్ళిపోయింది. బయట లారీ మెట్టు మీద తల పట్టుకుని కూర్చున్న తమ్ముడి పక్కన చతికిలబడి, క్యారేజీ మూత తీసి వాడి ఒళ్ళో పెట్టింది. వాడు ఏడుస్తూనే తిన్నాడు, గిన్నె అడుగు దాకా తిన్నాడు.

గోరుబావ కారు తలుపు తీశాడు. ముందు కుడికాలు పెట్టాడు, తర్వాత చేత్తో ఎత్తి ఎడమకాలు పెట్టాడు. నడుం మడతేసేటప్పుడు పట్టు జారి ఒళ్ళంతా స్టీరింగు మీద పడింది. హారను కుయ్యోమని మోగింది, ఎంతకీ ఆగలేదు.

డ్రైవర్లందరూ చప్పట్లు కొట్టారు.