తీగల్లో కరెంటు

2016లో నేను ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పాత వాయిద్యాలు అమ్మే దుకాణంలో వేల్యుయేషన్ చేసేవాణ్ణి. చదివింది ఎలక్ట్రానిక్స్. పాత ఎలక్ట్రిక్ గిటార్‌కు విలువ కట్టేటప్పుడు ముందు సీరియల్ నంబర్ చూస్తాం. తర్వాత పాట్స్, అంటే శబ్దాన్ని పెంచి తగ్గించే మీటల కింది భాగాల మీద ఉన్న తయారీ కోడ్, ఆ తర్వాత లోపలి వైర్లు అతికించిన సోల్డరింగ్. ఏదీ మార్చకుండా ఉంటే ధర ఎక్కువ.

ఒక శనివారం ప్రభాకర్ అంకుల్, సుజాత ఆంటీ వచ్చారు. గుంటూరు వాళ్లు. ఆంటీ నర్సు. అంకుల్ ప్రతి ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తూ పాడతారు. ఇన్సూరెన్స్ కోసం అరవైల నాటి గిటార్‌కూ, అదే కాలపు యాంప్లిఫయర్‌కూ విలువ కట్టించుకోవాలని తెచ్చారు.

గిటార్ లోపల ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆ మాట చెప్పగానే అంకుల్ ఉత్సాహంగా యాంప్‌కు కరెంటు పెట్టి, గిటార్‌ను దానికి కలిపి మెడలో వేసుకున్నారు.

"వాయించి చూపిస్తా ఆగు. చర్చిలో మైకు తగిలినప్పుడల్లా పెదవి చురుక్కుమంటుంది బాబూ. పరిశుద్ధాత్మ అనుకుంటా!"

ఆంటీ నవ్వలేదు. "నాకెప్పుడూ చెప్పలేదేంటండీ?"

అంకుల్ ఎడమ చెయ్యి తీగల మీదుంది. కుడి చెయ్యి ఆనుకోవడానికి గదిని వేడిచేసే ఇనప రేడియేటర్ వైపు వెళుతోంది. అది భూమికి కలిసి ఉంటుంది, తీగల్లో కరెంటు ఉంటే ఒంటి గుండా దాంట్లోకి పోతుంది.

"అంకుల్, ఇనుము ముట్టుకోవద్దు!" అని అరిచి గోడ స్విచ్ ఆపేశాను.

గిటార్‌ను బల్ల మీద పెట్టించి, మళ్లీ స్విచ్ వేసి, తీగలకూ రేడియేటర్‌కూ మధ్య మల్టీమీటర్‌తో కొలిచాను. రెండు వందల వోల్టులు దాటింది. యాంప్‌ను సాకెట్ నుంచి తీసి ప్లగ్ విప్పితే ఎర్త్ వైరు కత్తిరించి ఉంది. గుయ్‌మనే శబ్దం పోవాలని ఒకప్పుడు కొందరు అలా చేసేవారు. యాంప్ లోపల ఇన్సులేషన్ కొద్దికొద్దిగా పాడవుతూ వచ్చింది, కారిన కరెంటు భూమిలోకి పోయే దారి లేక తీగల్లోకి వచ్చేది. మైకు తగిలితే చురుక్కుమన్నది అందుకే. ఇప్పుడది పూర్తిగా పోయింది. ఆ పూట ఆయన్ని కాపాడినవి రబ్బరు బూట్లు, కింద కార్పెట్.

"లోపల రిపేర్ చేసి కేబుల్ మార్చాలి అంకుల్."

"అప్పుడు ఒరిజినల్ కాదుగా! విలువ పడిపోదూ? రేపటికి జాగ్రత్తగా వాయిస్తాలే."

ఆంటీ బల్ల మీది కటింగ్ ప్లయర్ అందుకున్నారు. ప్లగ్ సాకెట్లో లేదు కదా అని నన్ను రెండుసార్లు అడిగి, కేబుల్‌ను టప్పున తెంపేశారు.

"రాసుకో బాబూ. కేబుల్ ఒరిజినల్ కాదు, వాళ్లావిడ తెంపేసిందని."

యాంప్ విలువ తగ్గించి రాశాను. పాతది పాతగానే ఉందని ఎవరైనా అంటే అంతకుముందు నాకు సంబరంగా ఉండేది. ఇప్పుడు ముందు ప్లగ్ విప్పి చూస్తాను. సీరియల్ నంబర్ ఆ తర్వాతే.