మా మేనత్త కాలవలో పారేసిన బ్రేక్ ప్యాడ్లు

మా మేనత్త పోయింది. పొద్దున్నే బావ ఫోన్ చేసి, "అమ్మ లేదు మే. కాఫీ తాగి కొట్టుకు పోతాననింది, కుర్చీలోనే వాలిపోయింది" అన్నాడు. అప్పుడు నేను వేలూరు పక్క బాగాయంలో మా ఇంట్లో పొయ్యి ముందు ఉన్నాను. పొయ్యి ఆర్పి, అక్కడే కింద కూర్చుండిపోయాను.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. మా అత్త బతికున్నవాళ్ళ గురించి కూడా మంచి మాట్లాడి ఎరగదు. అలాంటి మనిషిని చల్లని తల్లి అని, దేవత అని రాస్తే ముందు ఆమెకే నవ్వొస్తుంది. ఆ రోజు శవం చుట్టూ చేరి గుండెలు బాదుకున్నవాళ్ళలో సగంమంది ఆమె నోటికి జడిసి ఆ వీధిలో నడవడమే మానుకున్నవాళ్ళు. నాకు మాత్రం ఆ నోరే ఇష్టం. ఈ రాత ఆమె చదవదు, బతికున్నా చదవలేకపోయేది. మా ఇళ్ళలో తెలుగు నాలుక మీద ఉంటుంది, చదువు మాత్రం తమిళంలో. నేను పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకుంటుంటే, "యేం, తిట్లు రాసుకునేదానికా?" అని అడిగింది. అవునత్తా, అందుకే.

గుడియాత్తం బజారులో మోటారు సైకిల్ సామాన్ల కొట్టు ఆమెది. మామ పోయిన తరువాత కొట్టు అమ్మేయమని సలహా చెప్పడానికి వచ్చినవాళ్ళకు కాఫీ కూడా ఇవ్వకుండా పంపేసి, తనే గల్లాపెట్టె ముందు కూర్చుంది. జన్మలో ఒక్కసారీ రెండు చక్రాల బండి ఎక్కలేదు. ఎవరైనా ఎక్కమంటే, "మీ బ్రేకులు నాకు తెలుసు గదప్పా" అనేది. వేలూరికి పోవాలన్నా బస్సే.

ఈ ప్యాడ్లు ఎన్నాళ్ళొస్తాయి అని అడిగినవాడి పని అయిపోయినట్టే. వాడి కాళ్ళ వైపు చూసేది. "నీ చెప్పులెన్నాళ్ళొస్తాయి నాయనా? నువ్వు నడిచేదాన్ని బట్టి గదా?" ఆ తరువాత పోలీసు విచారణ మొదలు. ఏ దారిలో పోతావు, ఎంతమంది ఎక్కుతారు, ఏం మోస్తావు. నెమిలి ఊరి పక్క పొలాల మధ్య ఒక్కడే నిదానంగా పోయేవాడికి ఏళ్ళతరబడి వచ్చే ప్యాడ్లు, ఇసుకలో, సిమెంటు దుమ్ములో తిరిగే మా మేస్త్రీల బండికి కొన్ని నెలలకే అరిగిపోతాయి. ఆ దుమ్ము చక్రంతో తిరిగే డిస్కుకూ ప్యాడ్‌కూ మధ్య చేరి ప్యాడ్‌ను తినేస్తుంది. పైగా మావాళ్ళు పెళ్ళాన్నీ పిల్లలనూ ఎక్కించుకుని, ఒళ్ళో సిమెంటు మూట పెట్టుకుని పోతారు. బ్రేకు పట్టకపోతే కంపెనీవాణ్ణి తిడతారు. సిగ్గుండాలి.

ఒకడు బండికి రంగుల దీపాలు, ఊరు అదిరిపోయే సైలెన్సరు పెట్టించుకుని వచ్చి, ఉన్నవాటిలో చవక ప్యాడ్లు ఇవ్వమన్నాడు. అత్త వాడిని పైనుంచి కిందికి చూసి, "ఊరంతా వినపడేదానికి ఉండాది, నిలబడేదానికి లేదా?" అంది. ఇంకొకడు ఒకవైపు ప్యాడ్ అరగలేదు, రెండోది మాత్రం ఇవ్వమని బేరం పెట్టాడు. రెండూ కలిసి మార్చాల్సిందే, ఒకవైపే అరిగిందంటే లోపల ఏదో బిగుసుకుపోయింది, ముందు అది చూపించుకోమని తరిమేసింది. పందేల బండ్లకు వేసే లోహపు ప్యాడ్లు అడిగినవాడికి, అవి నీ డిస్కునే కొరుక్కు తింటాయి, నీ బండికి కంపెనీవాడు ఏది వేశాడో అదే వేసుకో అంది. ప్యాడ్ మధ్యలో గీత చెరిగిపోయినా, మందం చేతి గాజు కన్నా తగ్గినా మార్చాలి. కొత్త ప్యాడ్ మొదటిరోజే సరిగా పట్టదు, ఊళ్ళో నిదానంగా తిరిగి, మెల్లగా బ్రేకు పట్టి అలవాటు చేశాకే పెద్ద రోడ్డు ఎక్కాలి. ఇవన్నీ ఆమె సలహాల్లా కాదు, శాపాల్లా చెప్పేది. విన్నవాళ్ళు కొట్టు దాటగానే వెనక్కి చూసి వెక్కిరించేవాళ్ళు. ఆ వెక్కిరించినవాళ్ళే మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఇక ఆయుధ పూజ సంగతి. మా వైపు మగవాళ్ళ తెలివి మొత్తం బయటపడే రోజు అది. బండి కడిగి, విభూతి, చందనం, కుంకుమ పెట్టి, దండ వేస్తారు. అంతవరకు బాగుంది. బండి తళతళలాడాలని కొబ్బరి నూనె గుడ్డతో ఆపాదమస్తకం తుడుస్తారు, ముందు చక్రం డిస్కుతో సహా. ప్యాడ్ కరిచి పట్టాల్సిన రేకుకే నూనె రాస్తారన్నమాట. తరువాత చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, దిష్టంతా పోయిందని బయల్దేరతారు. ఆ రోజు బజారులో కొట్లన్నీ మూసినా మా అత్త కొట్టు తెరిచే ఉండేది.

మా నాయన ఆమెకు తమ్ముడు. లత్తేరిలో ఉంటాడు, ఇళ్ళు కట్టే మేస్త్రీ. ఒక ఏడు ఆయుధ పూజనాడు అక్కకు బొరుగులు, శనగలు, పండ్లు ఇచ్చిపోదామని వచ్చాడు. అటునుంచి వేలూరు పోయి, మంచి గడియలో తాంబూలం మార్చుకుని, ఒక కల్యాణ మండపం పని ఒప్పుకోవాలి. అంత పెద్ద పని అంతకుముందు ఆయనకు దొరకలేదు. నేను కొట్టులోనే ఉన్నాను. నాయన బండి మెరిసిపోతూ వచ్చింది, కొట్టు ముందు ఆగలేదు. పక్కన దిష్టి కోసం రోడ్డు మీద అమ్మకానికి పోసిన బూడిద గుమ్మడికాయల గుట్టలో పోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందరూ నవ్వారు, నాయనా నవ్వాడు.

అత్త నవ్వలేదు. వంగి, డిస్కు మీద వేలు రాసి, వాసన చూసింది. లోపలికి పోయి దేవుడి పటం ముందు పెట్టిన స్పానర్ తీసింది. ఆ రోజు పనిముట్లను మరునాటిదాకా ముట్టకూడదు, అది మావాళ్ళందరికీ ప్రాణంతో సమానమైన ఆచారం. బొట్టు పెట్టిన ఆ స్పానరుతోనే నాయన బండి ప్యాడ్లు విప్పి, బజారు మురుగు కాలవలోకి విసిరేసింది.

నాయన ముఖం నల్లబడింది. "కుంకుమ పెట్టినదాన్ని కాలవలో యేస్తావా అక్కా? పెట్రోలుతో తుడిస్తే పోయేదానికి?"

"ప్యాడ్ తాగిన నూనెను కక్కదు రా. దేవుడు మన్నిస్తాడు, లత్తేరి కాడ లారీ మన్నించదు."

డిస్కు కడిగి కొత్తవి వేయిస్తాను, ఊళ్ళో కాసేపు తిరిగి పొమ్మంది. పూజ చేసిన బండిని విప్పేశాక అది శుభానికి పనికిరాదని నాయన బస్సెక్కాడు. గడియ దాటాక చేరాడు. ఆలోగా ఆ పని ఇంకో మేస్త్రీ చేతికి పోయింది. సొంత అక్కే నోటికాడి కూడు లాగేసిందని ఊరూరా చెప్పుకున్నాడు. విన్న పెద్దమనుషులందరూ తలలూపారు. ప్రాణం మిగిలింది గదా అని ఒక్క బుద్ధిమంతుడూ అనలేదు. అప్పటినుంచి నాయన ఆమె గడప తొక్కలేదు, పుట్టింటి చీరా పంపలేదు. అదేదో ఘనకార్యం అయినట్టు మీసం దువ్వుకున్నాడు.

ఆమె మాత్రం తగ్గిందా? నేను ఎప్పుడు పోయినా, "ఆ మొండోడు ఇంకా బతికే ఉండాడా?" అని అడిగేది. లేచి వచ్చేటప్పుడు ఆయన బండికి సరిపోయే ప్యాడ్లు నా సంచిలో వేసేది. నేనిచ్చినానని చెప్పినావంటే నాలుక కోస్తాననేది. నేను లత్తేరి పోయి, బజారుకని నాయన బండి తీసుకుని, పాతవి మార్పించి తెచ్చేదాన్ని. ఏళ్ళ తరబడి ఇదే జరిగింది. నాయనేమో అరుగు మీద కూర్చుని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు, నడిపే చేతిని బట్టి ఉంటుందప్పా, నా బండికి ప్యాడ్లు అరగనే అరగవు, మా అక్క ఊరందరినీ బెదిరించి అమ్ముకుంటుంది అని. వింటుంటే నాకు ఒళ్ళు మండేది.

ఇప్పుడు ఆమె పోయింది. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి, అప్పుడే శవాన్ని ఎత్తుతారు. దాయాదులెవరైనా కప్పొచ్చని పెద్దలు అన్నారట. మా నాయన తెస్తేనే ఎత్తుతామని బావ ఫోనులో తేల్చి చెప్పాడు. అందుకని నేరుగా గుడియాత్తం పోకుండా దారిలో లత్తేరిలో బండి ఆపాను.

నాయన అరుగు మీదే ఉన్నాడు. కబురు తెలిసింది. డబ్బిస్తాను, చీర నువ్వే కొనుక్కుని పో, నేను రాను అన్నాడు. చచ్చిపోయిన మనిషితో కూడా పంతమా అనుకున్నాను. అంత అసహ్యం నాకు ఎవరి మీదా వేయలేదు.

"నీ బండి ప్యాడ్లు యెందుకు అరగలేదో తెలుసునా నాయనా?" అన్నాను.

"నడిపే చెయ్యి" అన్నాడు, అప్పుడు కూడా.

"అరిగినాయి. అరిగినప్పుడంతా అత్త ఇచ్చింది, నేను మార్పించినా. నీకు చెప్పొద్దనింది."

ఆయన లేచి తన బండి దగ్గరికి పోయి, ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. లోపలికి వేలు పెట్టి తడిమాడు. లేచినప్పుడు నా ముఖం చూడలేదు.

"చీర యే రంగు తీసేది?" అన్నాడు. "అక్కకు పచ్చంటే కిట్టదు."

నా బండి వెనకే కూర్చుని వచ్చాడు. చీర కప్పేటప్పుడు ఏడవలేదు. అంతసేపూ ఎత్తండెత్తండని తొందరపెట్టినవాళ్ళు, ఇప్పుడు అక్కాతమ్ముళ్ళ ప్రేమ గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను వాళ్ళకు దూరంగా నిలబడ్డాను.

ఆడవాళ్ళం వీధి మలుపు దాకానే పోవాలి. అక్కడినుంచి దారి నది వైపు బాగా వాలుగా దిగుతుంది. పూలు కట్టిన చక్రాల పాడెను వెనకనుంచి తోస్తున్నవాళ్ళు డప్పు హుషారులో ఉన్నారు. వాలు రాగానే అది వాళ్ళ చేతుల్లోంచి జారి ముందుకు ఉరకబోయింది. నాయన ఇద్దరిని పక్కకు నెట్టి పాడె ముందుకు పోయాడు. "మెల్లిగా రా, బుద్ధిలేని నాయాళ్ళారా" అని అరిచాడు. వెనక్కి తిరిగి, రెండు చేతులూ దానికి ఆనించి, చెప్పుల్లేని మడమలు నేలకు తన్నిపెట్టి, అక్క ముఖం వైపే చూస్తూ, ఆ వాలంతా వెనక్కి వెనక్కి నడిచి దిగాడు.